కుప్పంలో దించవలసిన నౌక

ఆదివారం. పొద్దున చేసిన పనులు: రెండు బిందెలు మంచినీళ్ళు పట్టాను, ఇడ్లీకి పప్పు నానబెట్టాను, మిద్దె మీద వడియాలు తిరగేశాను, హాల్లోని అద్దాల బీరువా లోపలి అరలు తుడిచాను. ఆ బీరువాలో ఇరవై ఆరు అంతరిక్ష నౌకలున్నాయి. అవి మా వదినవి. పదిహేడు రోజుల క్రితం, గురువారం నాడు, వదిన పోయింది.

కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "వరండాలోకి ఎండొచ్చిందామ్మా?" అని అడిగింది. నేను తలుపు దాకా వెళ్ళి చూశాను. గడప దాటి రెండు గచ్చుబండల మేర వచ్చింది. ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగేసరికి కుర్చీలో తల ఒక పక్కకు వాలి ఉంది. ఎండ వచ్చిందన్న సంగతి ఆమెకు చెప్పనే లేదు.

వదిన మా ఆయనకు అక్క. కుప్పం రైల్వే స్టేషన్‌లో టికెట్లిచ్చే కౌంటర్లో ముప్పై ఏళ్ళు కూర్చుంది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసింది. ఆటో దిగినప్పుడు ఒక ట్రంకుపెట్టె, మిగతావన్నీ అట్టపెట్టెలు. నేను స్టీలు సామాననుకున్నాను. విప్పి చూస్తే సినిమాల్లో ఆకాశంలో తిరిగే ఓడలు! జానెడంత, బెత్తెడంత, కొన్ని బొటనవేలంత. సెలవు దొరికితే రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడి సినిమా హాల్లో ఆ సినిమా చూసి, వెతికి వెతికి ఆ ఓడ బొమ్మ కొనుక్కుని సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదట.

"ప్లాస్టిక్ అనుకునేవు, సూడు" అని ఒకటి నా అరచేతిలో పెట్టింది. అంత చిన్నది, చెయ్యి కిందికి దిగింది. జింకు లోహాన్ని కరిగించి అచ్చులో పోసి చేస్తారట. డైకాస్ట్ అంటారట. "చేతిలో పెట్టుకుంటే ఉండాదని తెలియాల. అది వస్తువంటే."

"రైలు బొమ్మలు కొనుక్కోవాల గానీ వదినా, స్టేషన్లో పనిచేసి ఇవేంది?" అన్నాను.

"రైలుకు టికెట్ కొట్టీ కొట్టీ విసుగొచ్చిందమ్మా. కుప్పం నుంచి జోలార్‌పేట, కుప్పం నుంచి బంగారుపేట. దీనికి యాడికని కొడతావు?"

ఆ నౌకల పేర్లన్నీ ఇంగ్లీషు. నాకు నోరు తిరగలేదు. దుమ్ము దులిపేటప్పుడు గుర్తుండడానికి నా పేర్లు నేను పెట్టుకున్నాను. గుండ్రంగా పలచగా ఉన్నది దోసెపెనం. రెండు వైపులా కొండీలున్నది ఎండ్రకాయ. పొడుగ్గా, బూడిదరంగులో, కొసన వెడల్పుగా ఉన్నది గరిటె. వదిన మొదట నవ్వింది. నెల తిరిగేలోగా తానూ "అమ్మా, గరిటె కొంచెం వంకరగా నిలబడినట్టుండాది" అనడం మొదలుపెట్టింది.

ఆమె వచ్చిన ఏడాది ఆయుధ పూజకు నేనొక పని చేశాను. పొద్దున్నే లేచి కత్తిపీట, మిక్సీ, కుట్టుమిషను, మా ఆయన స్కూటరు అన్నిటికీ గంధం పూసి కుంకుమ పెట్టాను. హాల్లోకి వచ్చేసరికి బీరువా కనిపించింది. ఇవీ వాహనాలే కదా, వీటిని వదిలేస్తే బాగుండదనిపించింది. వదిన పుంగనూరులో బంధువులింటికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా చేసి పెడితే సంతోషిస్తుందని, ఒక్కోదాన్నీ తీసి మూతి మీద గంధం, దాని మధ్యలో కుంకుమ పెట్టాను. కింద నిమ్మకాయలు పెట్టడానికి చక్రాలు లేవు. ఆలోచించి, దిగేటప్పుడు కాళ్ళు ఆనే చోట చూసి, ముక్కలు కోసి పెట్టాను.

సాయంత్రం వదిన వచ్చి బీరువా ముందు నిలబడింది. తెల్లరంగు నౌకలు పదకొండు. వాటి మీద కుంకుమ తడికి పాకి, ఎర్రటి మరకలు పట్టేశాయి. మా ఆయన నా వైపు చూసి తల పట్టుకున్నాడు. ఇలాంటివి సేకరించేవాళ్ళు పెట్టె కూడా నలగనివ్వరని, వేలిముద్ర పడితేనే బాధపడతారని ఆయన చెబితే తెలిసింది.

"ఏమ్మే, నిమ్మకాయ యాడ పెట్టినావు?" అంది వదిన.

"కాళ్ళ కింద వదినా."

వంగి చూసింది. ఎండ్రకాయకు మూడు కాళ్ళు, మూడు నిమ్మముక్కలు. ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేండ్లూ ఇవి అద్దం లోపలే నిలబడి ఉండాయి. ఇప్పుడు బండ్లయినాయి. పూజ చేసిన బండి ఒక చుట్టన్నా తిరగాల గదా. పట్టు" అని గరిటెను నా చేతికిచ్చింది. తాను దోసెపెనం పట్టుకుంది. ఇద్దరమూ వరండా చుట్టూ, పెరట్లో మునగచెట్టు దాకా నడిచి, నౌకలను తిప్పుకొచ్చాం. మా ఆయన గుమ్మంలో నిలబడి, "అక్కా, వీధిలో వాళ్ళు సూస్తాండారు" అన్నాడు. "సూడనీలేప్పా, టికెట్ అడగరు గదా" అంది వదిన.

ఆ రోజు నుంచి సందెవేళ ఒక నౌక బయటికి వచ్చేది.

తరువాత నాలుగేళ్ళకు చక్కెర జబ్బు ఆమె కళ్ళలోకి దిగింది. మొదట అక్షరాలు పోయాయి, తరువాత ముఖాలు. వెలుతురుందో లేదో మాత్రం తెలిసేది. నౌకలను చేత్తో తడిమి చెప్పేది ఏది ఏదో. నేను పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చునేదాన్ని. ఆమె గరిటెను చేతిలో ఎత్తి పట్టుకుని, "బయల్దేరినాము. ఇప్పుడు యాడుండాము?" అనేది.

"టమోటా మార్కెట్టు మీద. లారీలు అగ్గిపెట్టెల మాదిరి ఉండాయి."

"సరే, పుంగనూరు దోవ పట్టు. ఆవులు కనపడతాండాయా?"

"అవి పక్కన నిలబడినా నడుమెత్తు రావు. ఇంత పైనుంచి యాడ కనపడతాయి వదినా?"

అలా పుంగనూరు, పలమనేరు, గంగవరం పొలాలు. వాన పడ్డ రోజైతే చెరువులు పలకల్లా మెరుస్తున్నాయని చెప్పేదాన్ని. నేను చూసింది చెబుతున్నానో ఊహించింది చెబుతున్నానో నాకే తెలిసేది కాదు. ఆకాశం నిజంగానే మా వరండా కిందికి వచ్చి, ఊళ్ళు దానికింద మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టుండేది. వెంకటగిరికోట రాగానే వదిన చెయ్యి దించేసేది.

"ఇంకొంచెం పోతే కుప్పమే గదా వదినా" అంటే ఒప్పుకునేది కాదు.

"ఆడ ఉత్తుత్తికి దింపేది లేదు. కుప్పానికి నిజంగానే పోదాము. ప్లాట్‌ఫారం మీద దింపుదాము. కౌంటర్లో కూర్చుని, వచ్చే రైలునూ పోయే రైలునూ శబ్దంతోనే సూసినాను నేను. నా బండి ఒకటన్నా ఆడ వచ్చి నిలబడాల."

నేను సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను.

ఒకసారి బయలుదేరాం కూడా. బస్సు ఎక్కాం, ఒళ్ళో గరిటె. పుంగనూరు బస్టాండులో వదిన చెమటలు పట్టి, నా భుజం మీద వాలిపోయింది. చక్కెర పడిపోయింది. కిందికి దించి, పండ్ల బండి పక్కన కూర్చోబెట్టాను. పండ్లమ్మే భాయి పరుగున వచ్చి అరటిపండు వొలిచి ఆమె చేతికిచ్చాడు. నేను నీళ్ళ సీసా మూత తీసేలోగా ఇంకో పండు వొలిచాడు. ఆమె తేరుకున్నాక ఒళ్ళోకి చూసి, "అరె అమ్మా, ఏంది ఇది? ఇమానమా?" అన్నాడు.

"ఇమానం కాదు భాయ్. ఇమానానికన్నా పైన పోతాది."

"యాడికి పోతాంది?"

"కుప్పానికి."

ఆయన గంభీరంగా తలాడించాడు. "దూరమే అమ్మా. ఈ పొద్దు వద్దు. ఇంజను ఏడిగా ఉండాది" అని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాడు. వదిన నవ్వింది. ఎదురు బస్సులో ఇల్లు చేరాం.

తరువాత వచ్చే నెల అన్నాను. ఆ నెల వచ్చాక, ఎండలు తగ్గనీ అన్నాను. ఎండలు తగ్గాక మా ఆయన మోకాలి నొప్పి అన్నాను. అవి అబద్ధాలు కావు. కానీ నిజం ఇంకొకటి ఉంది. ఒక బొమ్మను స్టేషన్లో ఒక నిమిషం పెట్టి రావడానికి రెండు బస్సులెక్కి అంత దూరమా అని నా మనసులో ఉండేది. ఆమె కళ్ళకు ఆ స్టేషను కనిపించదు కదా అని కూడా అనుకున్నాను. వదిన ఎన్నడూ నిష్ఠూరమాడలేదు. చివరి నెలల్లో వెంకటగిరికోట దగ్గర చెయ్యి దించేటప్పుడు, నా వైపు ముఖం తిప్పేది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ ఉండేదాన్ని.

పెద్దకర్మ అయిపోయాక మా ఆయనతో చెప్పాను. "నేనూ వస్తాను" అన్నాడు. "వద్దు, ఒట్టేసింది నేను" అన్నాను.

నిన్న పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు దాటాను. పలమనేరులో మారాను. గంగవరం పొలాల్లో మల్బరీ ఆకు కోస్తున్నారు. కిటికీలోంచి చూస్తుంటే, ఇన్నాళ్ళూ నేను పైనుంచి చెప్పిన ఊళ్ళు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. చాలావరకు తప్పు చెప్పాను. చెరువులు నేను చెప్పినంత లేవు. కొండలు ఎక్కువున్నాయి.

కుప్పం ప్లాట్‌ఫారం మీద జనం తక్కువ. బెంచీ దగ్గర నిలబడి సంచిలోంచి గరిటెను తీశాను. టీ కేను పట్టుకున్న పెద్దాయన ఆగి చూశాడు.

"యాడికి పోవాలమ్మా?"

"యాడికీ కాదన్నా. ఈడ కౌంటర్లో ఒకామె ఉండె. మా వదిన."

"కౌంటరమ్మా? పొడుగ్గా, కళ్ళజోడు? రోజూ పదకొండింటికి నా దగ్గర టీ తాగతా ఉండె. యాడుండాది ఇప్పుడు?"

"పోయిందన్నా. దీన్ని ఈడ దింపాలన్నాది."

ఆయన కేను కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి, బెంచీ మీద దుమ్ము రెండుసార్లు తుడిచాడు. "దించమ్మా" అన్నాడు. దించాను. "ఎంతసేపు?" అని అడిగాడు. తెలీదన్నాను. "మామూలుగా రైలు ఈడ రెండు నిమిషాలు నిలుస్తాది" అని, తానూ నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రెండు నిమిషాల్లోనే ఆగని రైలొకటి వచ్చింది. ప్లాట్‌ఫారమంతా అదిరింది. దుమ్ము లేచింది, నా కొంగు ఎగిరి ముఖాన పడింది, పెద్దాయన పేపరు కప్పులు దొర్లుకుంటూ పోయాయి. కొంగు లాక్కుని చూసేసరికి గరిటె బెంచీ మీద దించిన చోటే, దించినట్టే ఉంది. ఆఖరి పెట్టె దాటిపోయింది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది, ఇంతసేపూ ఎవరో అరచేతుల మధ్య పట్టుకుని ఇచ్చినట్టు.

కుప్పం ప్రయాణం, వదినకు బాకీ: తీరింది.