ట్రంపెట్ కాక పెదవి

శాలిబండల మా గల్లీల పెండ్లి బ్యాండుల ట్రంపెట్ ఊదే ఒకాయన ఉండేటోడు. మేమందరం ట్రంపెట్ కాక అనేటోళ్లం. ఊదేముందు చూపుడువేలుతో పై పెదవిని ఒకసారి ఒత్తుకునేటోడు. "పెదవి వణికితే సుర్ పగుల్తది బేటా, ఇగ అంతే" అనేటోడు. అందుకే బరాత్‌ల అస్సలు నవ్వకపోయేటోడు. ఒకసారి గుర్రం పెండ్లికొడుకును కింద పడేసినా నవ్వలే, పాట పూర్తిచేసిండు. ఆయనను నవ్వియ్యాలని పదేండ్లు ముందల నిలబడి కోతిచేష్టలు చేసిన. ఫాయిదా లేకపోయింది.

ఆయన బిడ్డ పెండ్లిల, అప్పగింతలప్పుడు అందరు ఏడుస్తుంటే కాక ట్రంపెట్ అందుకున్నడు.

"గిది నోట్ల ఉంటే ఏడ్సే సందు దొరకది" అన్నడు నాతోని.

పెదవి ఒత్తుకుని మొదలువెట్టిండు. మంచిగనే ఊదుతున్నడు. కారెక్కబోయిన బిడ్డ వాపస్ వచ్చి కాళ్లు మొక్కింది. సుర్ పగిలింది. అందరు తిరిగి చూసిన్రు.

కాక కండ్లు తుడుసుకుని నా దిక్కు వేలు చూపిచ్చిండు. "ఈ బద్మాష్‌గాడు నవ్విచ్చిండు."

నేను అప్పటిదాక చేతులు కట్టుకుని నిలబడ్డ, అంతే.

"తప్పయింది కాకా" అన్న.

పెండ్లికొడుకు మేనమామ నన్ను చాలాసేపు తిట్టిండు. ఆయనకు మస్తు తిట్లు వచ్చు.