తెరెసక్క గురించి నాకు తెలిసింది

ఈ ఉదయం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాట్‌లో నా రూమ్మేటు సింకు తోముదామని వెనిగర్ సీసా మూత తీశాడు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఆకలేసింది. సింకు వాసనకు ఆకలేసే మనిషిని చూసి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వాడి తప్పేమీ లేదు, వాడికి తెరెసక్క తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను. ఇది సముద్రాలు దాటి వచ్చిన ఒక స్త్రీ గాథ. ఇందులో రెండు దేశాలున్నాయి, ఒక తల్లి పంతం ఉంది, ప్రమాణం ఉంది, ప్రభుత్వ ముద్ర పడిన పత్రం ఉంది. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. ఈ గాథలో ముప్పాతిక భాగం కె.ఆర్.పురంలో ఒక జెరాక్స్ షాపు ముందు నిలబడి జరిగింది. మిగతా పాతిక భాగం ఆ షాపులో కరెంటు ఎప్పుడొస్తుందా అని చూస్తూ గడిచింది.

ఆమె అసలు పేరు తెరెసిటా. పుట్టింది ఫిలిప్పీన్స్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో. దుబాయ్‌లో ఆస్పత్రిలో పనిచేసేటప్పుడు ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోతే మునిరాజన్న వచ్చి బయటికి తీశాడు. విధి కలిపిందని పొంగిపోకండి. ఆయన లిఫ్టు మెకానిక్కు, ఆ రోజు ఆయన డ్యూటీ. అదే లిఫ్టు ఆ నెలలో ఇంకో రెండుసార్లు ఆగింది కాబట్టి విధి అప్పుడేమైనా కలగజేసుకుందేమో నాకు తెలియదు. మునిరాజన్నది మూడు తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగు కుటుంబం. పెళ్లయి కె.ఆర్.పురం వచ్చాక ఆమె అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. అత్తగారి తెలుగులో ఎంత కన్నడం ఉండేదో అదంతా కలిపే నేర్చుకుంది.

నేను తణుకు నుంచి వచ్చి, హూడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, వాళ్ల మేడ మీది గదిలో అద్దెకు దిగాను. మొదటిరోజు ఎంతో మర్యాదగా "నమస్తే ఆంటీ" అన్నాను.

"ఆంటీ అంటే నీళ్ల మోటారు ఆపేస్తా చూడప్పా. అక్క అను. ఊటా అయ్యిందా?"

ఊటా అంటే భోజనం అని నాకు తెలిసేలోపే పళ్లెం వచ్చేసింది. వెనిగర్‌లో, వెల్లుల్లిలో ఉడికిన కోడికూర, పైన కరివేపాకు పోపు. ఉడకడం ఫిలిప్పీన్స్ పద్ధతి, పోపు అత్తగారి షరతు. ఆ పెద్దావిడ పోయినా షరతు మాత్రం అమల్లో ఉంది. ఆదివారాలు ఆ వాసనకే నేను మెట్లు దిగేవాణ్ని.

ఆదివారాలే ఆమె తన తల్లికి వీడియో కాల్ చేసేది. తల్లిని వాళ్ల భాషలో 'నానాయ్' అంటారు. నానాయ్ నలభై ఏళ్లు చేపల బజారులో కూర్చున్న మనిషి. ఫోనులో మాట్లాడినా బజారు చివరిదాకా వినిపించాలన్నట్టే మాట్లాడేది. ఆమెను తెచ్చి తమ దగ్గర పెట్టుకోవాలని తెరెసక్క కోరిక. మునిరాజన్న కింద ఒక గది కట్టించి, మంచం కూడా వేయించాడు. నానాయ్ మాత్రం రానంది. కారణం మాకు తెరెసక్క చెప్పింది.

"ఏటేటా ఈడ ఉండేదానికి నేను పర్మిషన్‌కు లైన్లో నిలబడేది ఆమెకు తెలుసు. 'నువ్వే ఆ దేశంలో అతిథివి, నేనొచ్చి అతిథికి అతిథిని కావాల్నా? నువ్వు ఆ దేశం మనిషివి అయినాక పిలువు, వస్తా' అంటాది."

"ఇల్లు నా పేరున ఉండాది, అయినా నా మాట యాడ చెల్లుతాది ఈ ఇంట్లో?" అన్నాడు మునిరాజన్న. "అది చెప్పు మీ అమ్మకు."

ఆమె చెప్పింది. నానాయ్ పడీ పడీ నవ్వింది. పంతం మాత్రం వదల్లేదు. ఆ గదిలో మంచం మీద మేం ఉల్లిపాయలు ఆరబోసుకున్నాం.

భారతీయుణ్ని పెళ్లాడి ఏడేళ్లు ఇక్కడే ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమె వచ్చి పదకొండేళ్లయింది. మిగతా నాలుగేళ్లు ఏమయ్యాయంటే, 'ఈ వారం పోదాం' అని మునిరాజన్న అంటూ వచ్చాడు. చివరికి ఆమెకు ఓపిక పోయి దరఖాస్తు పని నాకు అప్పగించింది. కంప్యూటరు ఉద్యోగం కదా, ప్రభుత్వ వెబ్‌సైట్లు నా మాట వింటాయని ఆమె నమ్మకం. జెరాక్స్ షాపు ముందు నెలలు గడిచాయి. అప్‌లోడులన్నీ అయ్యాక, ఫైలు చూసిన ఆఫీసువాళ్లు ఆమె నడవడిక గురించి తెలిసినవాళ్లిద్దరు అఫిడవిట్లు ఇవ్వాలన్నారు. ఒకటి ఎదురింటి రిటైర్డు టీచరు రాశారు. రెండోది నేను.

ఒక మనిషి గురించి రాయడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఉద్యోగుల పనితీరు మీద మా కంపెనీ ఏడాదికోసారి నింపించే అప్రైజల్. ఆ పద్ధతిలోనే రాశాను: 'శ్రీమతి తెరెసిటా స్వయంగా చొరవ తీసుకుంటారు. ఒత్తిడిలోనూ గడువులోపల పని పూర్తిచేస్తారు. బృందంలో అందరితో కలిసిపోతారు. మెరుగుపడవలసిన అంశం: ఇతరుల పనిలో తలదూర్చడం. పౌరురాలి హోదాకు ఈమెను గట్టిగా సిఫారసు చేస్తున్నాను.' నోటరీ చదవకుండా ముద్ర వేశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను. ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న గుమస్తా మేడం మాత్రం చదివింది.

"ఏనప్పా ఇదు, ఏందిది? మేమేమన్నా ఉద్యోగం ఇస్తా ఉండామా ఈమెకు?"

చుట్టుపక్కల కౌంటర్లవాళ్లు కూడా తొంగిచూశారు. కాగితం వెనక్కి వచ్చింది. మళ్లీ రమ్మన్న తేదీ మూడు వారాల తర్వాత. బస్సులో తెరెసక్క ఫైలు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మోటారు ఆపేస్తానని కూడా అనలేదు. అప్పుడు భయమేసింది.

"నన్ను చూసి రాసినావా, చూడకుండా రాసినావా?" అంది చివరికి.

"అక్కా, అది స్టాండర్డ్ ఫార్మాట్..."

"నేను స్టాండర్డ్ కాదప్పా. నీకు తెలిసింది రాయి. తెలియకపోతే అడుగు."

ఇంటికొచ్చి నాకు ఏం తెలుసా అని కూర్చున్నాను. నాకు డెంగీ వచ్చినప్పుడు పదకొండు రోజులు ఆమె గంజి మేడ మీదికి మోసింది. ఎన్ని మెట్లెక్కిందో తెలియదు. బయటికెళ్లి లెక్కపెట్టాను, ఇరవై రెండు. అన్ని మెట్లెక్కిన ఆమెకు మోకాళ్ల నొప్పి ఏమైనా ఉందా అని మునిరాజన్నను అడిగాను. "వచ్చిన కాడినుంచి ఉండాది, నువ్వు చూడలేదా?" అన్నాడు. చూడలేదు. రోజూ చూసే మనిషి మీద పేజీలకొద్దీ హాస్యం చెప్పగలను, మోకాళ్లు మాత్రం చూడలేదు. అవన్నీ రాశాను. ఎండాకాలం పక్కింటి బోరు ఎండిపోతే ఆమె గోడ మీదుగా పైపు వేసి నీళ్లిచ్చిన సంగతీ రాశాను. అప్పటికి ఆ ఇంటివాళ్లకూ ఆమెకూ మాటల్లేవని కూడా రాశాను. 'మంచి నడవడిక అంటే నాకు ఇంతకంటే తెలియదు' అని ముగించాను. గుమస్తా మేడం రెండుసార్లు చదివి, ఫైలులో పెట్టింది.

తర్వాత ఒక పెద్ద అధికారి ఆమెను పిలిచి, ఇక్కడి భాష ఏదైనా వచ్చా, మాట్లాడమన్నాడు. ఆమె మొహమాటపడకుండా ఆయన గదిలో ఫ్యాను ఎందుకు అట్లా ఊగుతోందో, దాని బోల్టు ఎప్పుడు ఊడుతుందో, ఈలోగా కుర్చీ ఎటు జరుపుకోవాలో వివరించింది.

ఆయన కాసేపు విని, "ఇది తెలుగా, కన్నడమా అమ్మా?" అన్నాడు.

"ఏమో సార్, మా ఇంట్లో ఇదే ఉండాది."

ఆయన కుర్చీ జరుపుకుని సంతకం పెట్టాడు.

కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది: దరఖాస్తు ఒప్పుకున్నాం, పాత పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెండి. ఆమె తన పాస్‌పోర్టు అప్పగించి వచ్చింది. ఆ మధ్యాహ్నం వంటింట్లో వెల్లుల్లి వలుస్తూ కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి, "కంగ్రాట్స్ అక్కా! ఈ పూట నువ్వు ఏ దేశపు మనిషివీ కాదు. ఎవరికీ జెండా వందనం చెయ్యక్కర్లేదు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "కొత్త పత్రం చేతికొచ్చేదాకా ఈ వారాల్లో నానాయ్‌కు ఏమన్నా అయితే నేను ఏ కాగితం చూపించి విమానం ఎక్కాలప్పా?" అంది.

నేను లోపలికొచ్చి పీట మీద కూర్చుని ఒక వెల్లుల్లిగడ్డ అందుకున్నాను. ఆ వారాల్లో రోజూ ఆఫీసు నుంచి రాగానే వెళ్లి కూర్చునేవాణ్ని. ఆ ఇంటికి అన్ని వెల్లుల్లిపాయలు అవసరం లేదు. ఎవరూ ఆ మాట అనలేదు.

నానాయ్‌కు ఏమీ కాలేదు. పౌరసత్వ పత్రం చేతికొచ్చింది. ప్రమాణం చదివేటప్పుడు తెరెసక్క గొంతు గట్టిగానే ఉంది, మునిరాజన్నే ఏడ్చాడు. ఫైళ్ల దుమ్ము అన్నాడు. నా కళ్లలోనూ అదే దుమ్ము.

మంచం మీద ఉల్లిపాయలు తీసేశాం. నానాయ్ తాళ్లతో కట్టిన అట్టపెట్టెతో విమానం దిగింది. మనిషి నా భుజం దాకా కూడా లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి గట్టిగా ఏదో అంది. "ఈడికి తిండి పెడతా ఉండావా, మెట్లెక్కడానికి బలం ఉండాదా అంటాది" అని తెరెసక్క చెప్పింది.

ఎక్కువకాలం ఉండాలంటే నానాయ్ పేరు విదేశీయుల ఆఫీసులో నమోదు చేయించాలి. నలుగురం వెళ్లాం. తెరెసక్క ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నేరుగా వెళ్లి లైన్లో నిలబడింది. కౌంటరులో కుర్రాడు కాగితాలు చూసి, "మీరు కాదమ్మా, ఈ పెద్దావిడ. మీరు ఆ కుర్చీలో కూర్చుని ఫారం నింపండి" అన్నాడు. ఫారంలో ఒక గడి ఉంది: ఎవరి ఇంట్లో ఉంటున్నారు, వారి పేరు, పౌరసత్వం. అది మునిరాజన్న నింపబోతే ఆమె పెన్ను లాక్కుంది. చాలా నెమ్మదిగా రాసింది. నానాయ్ పక్కనే నిలబడి, చదవలేకపోయినా, చివరి అక్షరందాకా చూసింది. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి రెండు ముక్కలు అంది. ఈసారి నెమ్మదిగా.

"ఏమంటోంది అక్కా?"

"'ఇప్పుడు వచ్చినాను' అంటాది."

ఆ మేడ గది వదిలి వచ్చాక, ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్ల అప్రైజల్ రాయాల్సి వచ్చినప్పుడు ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఏడాదంతా ఏం చేశారో అడుగుతాను. నేను చూసింది రాస్తాను, చూడనిది రాయను. పోయినసారి మూడూ ఫార్మాట్‌లో లేవని వెనక్కి వచ్చాయి. అయినా మార్చలేదు. నాకు జోకులు తగ్గలేదు గానీ, అవి వేసే ముందు ఎదుటి మనిషి మోకాళ్ల వంక ఒకసారి చూసే అలవాటయింది.

నానాయ్ అనుమతిని గడువు తీరకముందే పొడిగించుకోవాలి, ఆ పని ఇప్పటికీ నాదే. ఫొటోలో మనిషి వెనక తెల్లగా ఉండాలి, కళ్లజోడు ఉండకూడదు, ఫైలు మరీ పెద్దదైతే సైటు తీసుకోదు.