మావయ్య పటాలం కోటులో అంకె

మందు వేసుకోవడానికి మీరు మంచిరోజు చూస్తారా? నిన్న మా పక్కింటివాళ్లు జ్వరంతో మూలుగుతున్న పిల్లకి ఇంజెక్షను మంగళవారం వద్దని వాయిదా వేశారు. వాళ్లతో వాదించి వచ్చి కూర్చున్నాక, మా మావయ్య గుర్తొచ్చాడు.

ఆయన మా మేనత్త భర్త. యానాంలో పుట్టి, ఫ్రెంచివాళ్ల వలస పటాలంలో చేరి, సైగాన్‌లో పనిచేసి, యానాం మన దేశంలో కలిశాక నూజివీడు వచ్చి అత్తవారి మామిడి వ్యాపారంలో కుదురుకున్నాడు. ఆ పటాలం సంగతులు బజారంతటికీ కంఠతా వచ్చు. పదిమందికో కార్పొరల్, ఆపైన సార్జంటు, అందరి నెత్తిమీదా తెల్లదొర. ఖాకీ కోటు, చేతిమీద రెండు పట్టీలు, కాలరుకి ఓడ లంగరు బొమ్మ. "నేలమీద నడిచే సిపాయికి లంగరెందుకండీ?" అని ఎవరైనా అడిగితే, "మమ్మల్ని ఓడెక్కించి తోలేవారు కదండీ, అందుకు" అనేవాడు.

అరవైల్లో ఒక వేసవి, కోతల రోజుల్లో ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. అత్తయ్య డాక్టరుకు బదులు సోదె చెప్పే ఆమెను పిలిచింది. పెట్టెలో కోటు ఉందనీ, దాని లోపల ఏదో అంకె రాసి ఉందనీ అత్తయ్యే చెప్పింది. సోదె ఆమె కళ్లు మూసుకుని, ఆ అంకె చచ్చిపోయిన సిపాయిదని తేల్చేసింది. అమావాస్యనాడు కోటు తగలబెట్టాలి, అందాకా రోగి ఒంటికి సూది తగలకూడదంది. అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది. మావయ్యకు అప్పటికే మాట తడబడుతోంది.

నేను హేతువాద సభల్లో వాదించడం అప్పుడప్పుడే మరిగినవాణ్ణి. అత్తయ్యకు గంటసేపు ఉపన్యాసమిచ్చాను. "ఆయనకేమన్నా అయితే నీ సైన్సు తెచ్చిస్తుందేంట్రా?" అంది. మొట్టమొదట చేయాల్సిన పని అప్పుడు చేశాను. కోటు తీసుకెళ్లి మావయ్యనే అడిగాను.

ఆయన వణుకుతూనే నవ్వాడు. "నా నంబరేరా అది. వందమంది కోట్లు ఒక్కచోట ఉతికేవాళ్లు, కలిసిపోవూ?" అని అత్తయ్యవైపు తిరిగాడు. "మీ నాన్న గంపలమీద సిరా గుర్తు ఎందుకేయిస్తాడే? పక్కవాడి కాయతో కలిసిపోకూడదనే కదా. వాటిల్లో ఏ దెయ్యముందీ?"

చిన్నప్పటినుంచీ ఆ గుర్తులు తన చేత్తో వేసిన మనిషి అత్తయ్య. "అయితే చచ్చినవాడెవడూ లేడాండీ?"

"ఇంకో నాలుగు రోజులు ఇలాగే పడుకోబెట్టావంటే ఉంటాడు."

అత్తయ్య చెప్పులైనా వేసుకోకుండా రోడ్డుమీదికి పరిగెత్తి, మామిడికాయల బండి ఆపి, మావయ్యని అందులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు మలేరియా అన్నాడు, సూది పొడిచాడు. మూడోనాడు మావయ్య కొత్తావకాయ అన్నం అడిగితే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అత్తయ్య ముద్ద కలుపుతూ ఏడుస్తూ నవ్వింది.

ఆ నాలుగు రోజులూ అలాగే గడిచిపోయి ఉంటే, ఆ అంకె ఎవరిదో చెప్పే మనిషే మాకు మిగిలేవాడు కాదు. కాలం ఎవరి వాదనా ముగిసేదాకా ఆగదు. మీ ఇంట్లో మీరు భయపడే వస్తువేదైనా ఉంటే, దాని సంగతి తెలిసిన మనిషి దగ్గరికి ఇవాళే వెళ్లి అడగండి.