మా అత్తగారు విమానం తోమిన శుక్రవారం

పొద్దున నువ్వు గోళ్ళ రంగు తుడుచుకోవడానికి ఆ చిన్న సీసా మూత తీశావు చూడు, అప్పుడు నేను వంటింట్లో చారుకి పోపు వేస్తున్నాను. ఇంగువ వాసనని కూడా పక్కకి తోసేసి ఆ ఘాటు నేరుగా వచ్చి నా ముక్కుకి తగిలింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను, పోపు మాడిపోయింది. "నానమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని నువ్వు పరిగెత్తుకొచ్చావు. కళ్ళు తిరగలేదే తల్లీ. ఉన్నపళంగా బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా రెండు గదుల ఇంట్లో పడ్డాను, అంతే. ఆ ఇంట్లో కొన్ని నెలలపాటు అన్నం కూడా ఆ వాసనే వేసింది. సరే, అడిగావు గనక చెప్తాను, రాసుకో. మధ్యలో ప్రశ్నలు వేసి దారి తప్పించకు, ఆ పని నాకు నేనే బాగా చేసుకోగలను.

మీ తాతయ్య అక్కడ ఒక గ్యారేజీలో కార్లకి రంగులు వేసేవారు. గుద్దుకుని సొట్టలు పడ్డ కారు లోపలికి వెళ్తే, షోరూమ్ నుంచి వచ్చినట్టు బయటికి వచ్చేది. మా ఊళ్ళోవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా మేం ఉన్నది కువైట్టే, ఆయన చేసేది డ్రైవరు పనే. మీ నాన్న అప్పుడు పాకుతున్నాడు. కిటికీలో ఏసీ రోజంతా గురక పెట్టేది. ఎంత మూసినా దుమ్ము ఎలా వచ్చేదో వచ్చేది. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఒక గురువారం ఆయన డ్యూటీ నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చారు. దాని మీద మబ్బుల్లోంచి దూసుకొస్తున్న జెట్ విమానం బొమ్మ. పిల్లాడికి ఆటవస్తువు కాబోలనుకుని తెరిచాను. లోపల ప్లాస్టిక్ పుల్లలకి చిన్న చిన్న ముక్కలు, పందిరికి చిక్కుడుకాయలు వేలాడినట్టు వేలాడుతున్నాయి. వాటిని తుంచి, అంటించి, రంగులేస్తే విమానం అవుతుందట. పిల్లాడు మింగేస్తాడని నేను అంటూ ఉండగానే ఆయన అన్నారు, "ఇది వాడికి కాదు. హంటర్. మా నాన్న పనిచేసిన విమానం."

పెళ్ళయ్యాక ఆ ఇంట్లో 'మా నాన్న' అన్న మాట నేను వినడం అదే మొదలు. మా మామగారు వైమానిక దళంలో పనిచేశారు. పైలట్ కాదు. కింద ఉండి విమానాన్ని తుడిచి, చూసి, ఎగరడానికి సిద్ధం చేసే మనిషి. అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, వాళ్ళ స్థావరం మీద బాంబులు పడి అక్కడే పోయారు. మీ తాతయ్య అప్పటికి పలక పట్టే పిల్లాడు. ఆయనకి తండ్రి అంటే గుర్తున్నవి రెండే, నల్లటి బూట్లూ, బట్టల్లో కిరసనాయిలు వాసనా. మా అత్తగారు ఆ తర్వాత ఆ మనిషి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లాడు ఊరుకోక ఒకసారి, "నాన్న ఏ విమానం దగ్గర పనిచేసేవాడమ్మా?" అని అడిగితే, "అది నా సవతిరా. దాని మాట నా దగ్గర ఎత్తకు" అందట. ఇక ఆయన ఎత్తలేదు. ఏ విమానమో కూడా ఎప్పుడో పెద్దయ్యాక ఎవర్నో అడిగి తెలుసుకున్నారు.

ఇప్పుడు ఆవిడ మా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి బహ్రెయిన్ వస్తోంది. ఈలోగా ఇది కట్టి ఆవిడకి చూపిస్తారట! "సవతిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే కబుర్లు చెప్తారా ఎవరైనా? వచ్చిన విమానంలోనే తిరిగి వెళ్ళిపోతారు అత్తయ్య" అన్నాను. ఆయన ఒక రెక్క ముక్కని గరుకు కాగితంతో రుద్దుతూ, "తిట్టనీ. ఏడవనీ. మా నాన్న గురించి ఏదో ఒకటి అంటుంది కదా. నాకు అది చాలు" అన్నారు. పాతికేళ్ళు దాటిన మగాడు తండ్రి గురించి ఒక్క మాట కోసం ప్లాస్టిక్ ముక్కలు అంటించుకుంటూ ఉంటే ఏమంటాం?

సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చాప మీద పాత పేపర్లు పరిచేవారు. జిగురుదీ, రంగు పలచన చేసే థిన్నరుదీ మూతలు తీశారంటే ఇల్లంతా పొద్దుటి నీ సీసా ఘాటే. పెట్టెలో ఇచ్చినవి ఇంగ్లీషువాళ్ళ గుర్తులు, ఎరుపూ తెలుపూ నీలం. అవి పక్కన పడేసి, నాలుగు వెంట్రుకలున్న కుంచెతో మన గుండ్రాలు, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, ఊపిరి బిగబట్టి వేశారు. మీ నాన్న తుమ్మితే నేను వాడి ముక్కు మూసేదాన్ని. ఇక ఒళ్ళంతా ఏ రంగు అన్నది ఇంకో గొడవ. ఆయన దగ్గరున్నది ఏదో పత్రికలోంచి చింపిన నలుపు తెలుపు ఫొటో. పైన పచ్చా బూడిదా మచ్చలని ఎవరో చెప్పారు గానీ, అడుగున ఏ రంగో తెలియలేదు. గ్యారేజీలో ఆయనతోపాటు రంగులు కలిపే ఒక పాకిస్తానీ భాయ్ ఉండేవాడు. మా ఇంటికి వచ్చి పప్పుచారు తాగి వెళ్ళేంత స్నేహం. ఒక రోజు వచ్చి కూర్చుని, చాప మీదున్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పాడు. బోర్లించాడు. "దీని పొట్ట వెండి రంగు, భాయ్" అన్నాడు. "నీకెలా తెలుసు?" అన్నారు మీ తాతయ్య. "మా ఊరి మీంచి వెళ్ళింది. మా అమ్మ మమ్మల్ని గోతిలోకి తోసి మీద పడుకుంది. నేను ఆవిడ చంక సందులోంచి చూశాను. ఎండకి ఎంత మెరిసిందనుకున్నావు!" వాళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. మర్నాడు భాయే ఒక చిన్న డబ్బాలో వెండి రంగు కలిపి పంపించాడు.

అలా అంతా అయ్యాక అది ఎంత ముద్దొచ్చిందంటే, నేనే దిష్టి తీద్దామనుకున్నాను. అప్పుడు మీ తాతయ్య ఏం చేశారో తెలుసా? కొవ్వొత్తి మసి తీసి తుపాకీ కన్నాల వెనక పూశారు. పెన్సిలు ముల్లు అరగదీసి రెక్కల మీద రుద్దారు. నూనె కారినట్టు టీ డికాషను చారలు పెట్టారు. కిటికీ గట్టు మీద దుమ్ము కుంచెతో తీసి చక్రాలకి అద్దారు. "అయ్యయ్యో, బంగారంలాంటి దాన్ని చేతులారా పాడుచేసుకుంటారేమిటండీ!" అని నేను మొత్తుకుంటే, "యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానమే ఇది. తళతళలాడుతూ ఎలా ఉంటుంది?" అన్నారు. కట్టడానికి పట్టినదానికంటే మురికి చెయ్యడానికే ఎక్కువ కాలం పట్టింది.

మా అత్తగారు రానే వచ్చింది. విమానం ఎక్కడం అదే మొదటిసారి, ఎలా ఉందత్తయ్యా అంటే, "బస్సే. కిటికీ తెరుచుకోదు, అంతే" అంది. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టేసరికి మీ తాతయ్య ధైర్యం అంతా జారిపోయింది. దాన్ని బీరువా మీద సూట్‌కేసు వెనకాల దాచారు. రేపు చూపిస్తాను, వచ్చే శుక్రవారం చూపిస్తాను అనుకుంటూ రోజులు గడిపేశారు. ఆవిడేమో ఖాళీగా కూర్చోలేదు. ఇల్లంతా దుమ్మేనని గుడ్డ పట్టుకుని తిరిగేది. అక్కడ సెలవు శుక్రవారమే, చర్చీ ఆ రోజే; ఆ శుక్రవారం మేం తెలుగువాళ్ళ ప్రార్థనకి బయల్దేరాం. ఆవిడకి గాలిదుమారానికి దగ్గు పట్టుకుని ఉంది. "మీరు వెళ్ళండమ్మా, నేను ఇంట్లోనే చేసుకుంటాను" అంది.

మేం తిరిగొచ్చి తలుపు తీసేసరికి వంటింట్లో కొళాయి శబ్దం. వెళ్ళి చూస్తే, బట్టల సబ్బు నురగలో మోచేతులదాకా చేతులు పెట్టి ఉంది మా అత్తగారు. ఒక చేత్తో విమానాన్ని బొచ్చెచేపని పట్టుకున్నట్టు పట్టుకుని, రెండో చేత్తో పాత టూత్‌బ్రష్‌తో పొట్ట కింద బరబరా రుద్దుతోంది. రెక్క చివర సూదిలాంటి సన్న గొట్టం ఒకటి ఉండేది, దాన్ని ముల్లు అనుకుందో ఏమో, విరిచి గట్టు మీద పెట్టేసింది. మీ తాతయ్య నన్ను దాటుకుని లోపలికి వచ్చారు.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "కనపడట్లేదా? తోముతున్నాను."

ఆయన లాక్కున్నారు. మసి పోయింది, డికాషను చారలు పోయాయి, దుమ్ము పోయింది, అప్పుడే నీళ్ళు పోసిన పసిబిడ్డలా ఉంది విమానం. వాళ్ళమ్మ మీద ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "దాని మీద అంత కసి ఉంటే నాకు చెప్పాల్సింది! ఇంట్లో పెట్టేవాణ్ణే కాదు. ఎన్ని నెలలు చేశానో తెలుసా? ఆ మసి నేను కావాలని పూశానమ్మా. అది యుద్ధం నుంచి వచ్చిన విమానం!"

"కసేమిట్రా?" ఆవిడ ఇప్పుడు తిరిగింది. ఆవిడ గొంతు ఇంకా పెద్దది. "యుద్ధం నుంచి వస్తే మాత్రం కడగరా? నువ్వు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవా? హంటర్‌ని ఇంత కంపు చేసి బీరువా మీద పడేస్తావా? మీ నాన్న చూస్తే నీ చెవి మెలేసి చేతికిచ్చేవాడు! అది దిగొచ్చాక మసి తుడవకుండా అన్నం ముట్టేవాడు కాదురా ఆ మనిషి!"

హంటర్ అంది. ఎవరూ చెప్పలేదు, దాని మీద పేరు లేదు. మీ నాన్న నా చంకలో ఉండి ఏడుపు మొదలుపెట్టాడు, వాణ్ణి ఊరుకోబెట్టాలని కూడా నాకు తోచలేదు. మీ తాతయ్య నీళ్ళోడుతున్న విమానం పట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడ్డారు.

ఆవిడ కూడా కూర్చుంది. ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుని, పమిట కొంగుతో తడి ఒత్తుతూ, ఎవరో అడిగినట్టు మొదలుపెట్టింది. స్థావరంలో ఏడాదికోసారి ఇంట్లోవాళ్ళని పిలిచి విమానాలు చూపించేవారట. ఆవిడ కొత్త చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వెళ్ళింది. వరసలో నిలబెట్టిన వాటిలో ఇదిగో ఇది నాది అని ఆయన చూపించారు. ఎండకి మెరుస్తోందట. ఆవిడ దగ్గరికి వెళ్ళి ముచ్చటగా చెయ్యి వేసింది. నూనె చెయ్యి కదా, అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. "చెయ్యి తీశానో లేదో, జేబులోంచి గుడ్డ తీసి తుడిచేశాడురా. ఆఫీసర్ల పెళ్ళాలందరూ చూస్తుండగా! ముష్టిదాని చెయ్యి తగిలినట్టు. ఎడంచేత్తో, ఇలా, రెండే విసుర్లు. నీలాగే పుర్రచెయ్యివాడు."

"నాన్నది ఎడంచేతి వాటమా?" అన్నారు మీ తాతయ్య. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎడంచేత్తో రాస్తున్నాడని బళ్ళో వేళ్ళ మీద బెత్తం దెబ్బలు తిన్న మనిషి, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ రోజు తెలుసుకున్నారు.

"నాకు ఒళ్ళు మండింది" అంది ఆవిడ. "మాట్లాడడం మానేశాను. ఇంకొన్నాళ్ళకి యుద్ధం అన్నారు, ఆడవాళ్ళని ఊళ్ళకి పంపేస్తున్నారు అన్నారు. రైలు దగ్గర నిన్ను ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాడు. నా వంక చూశాడు. నేను కిటికీ అవతలికి చూస్తూ కూర్చున్నాను. ఊరు చేరాక ఉత్తరం రాయిద్దాంలే అనుకున్నాను." అక్కడితో ఆపేసి, నన్ను కొబ్బరినూనె తెమ్మంది. విమానానికి రాసి మెరుగు పెట్టడానికట. నేను తెచ్చి ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను?

ఆ నూనె వదిలించడానికి మీ తాతయ్యకి వారం పట్టింది. పై శుక్రవారం మళ్ళీ రంగు వేశారు, ఈసారి మసీ లేదు, మరకా లేదు. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, తుపాకీలు ఎక్కడ, తుడిచే మెట్లు ఎక్కడ వేసేవారు అని చూపిస్తోంది. చూపిస్తూ చూపిస్తూ, ఆరని రెక్క మీద వేలు పెట్టేసింది. బొటనవేలి గీతలతో సహా అచ్చు పడింది. మీ తాతయ్య ఆలోచించలేదు, కార్లకి రంగులేసే మనిషి కదా, భుజం మీది గుడ్డ లాగి ఎడంచేత్తో చర్రున తుడిచేశారు. రెండే విసుర్లు.

తుడిచాక తెలిసింది ఆయనకి, ఏం చేశారో. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. అయిపోయింది, మళ్ళీ ఇరవై ఏళ్ళు నోరు మూసుకుంటుంది ఈవిడ అనుకున్నాను. మా అత్తగారు ఆ చేతివైపు చూసింది. చూసి చూసి, మళ్ళీ అక్కడే బొటనవేలు గట్టిగా నొక్కింది.

"తుడువు" అంది.

"అమ్మా..."

"తుడవరా."

ఆయన తుడిచారు. ఆవిడ మళ్ళీ నొక్కింది. ఆయన మళ్ళీ తుడిచారు. ఆవిడ విమానాన్ని చూడడంలేదు, ఆ ఎడంచేతినే చూస్తోంది. చివరికి "దొంగసచ్చినోడా" అంది, కళ్ళనీళ్ళతో నవ్వుతూ. కొడుకుని అనలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆ రెక్కకి రంగు మళ్ళీ ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు.

రాశావా? ఇంకొక్క మాట రాసుకో. ఇందాక నీకు చెప్తూ చెప్తూ వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఆ రోజున మా అత్తగారికి యాభై కూడా నిండలేదే! మీ అమ్మ ఈడు. ఆవిడని నేను పండు ముసలావిడ అనుకున్నాను. రైలు దగ్గర నిలబడ్డ మా మామగారికైతే ఎన్నేళ్ళు, నీకంటే పదేళ్ళు ఎక్కువేమో. ఉన్నవాళ్ళం మనం ఏటేటా పెద్దవాళ్ళం అవుతుంటే, పోయినవాళ్ళు ఏటేటా మనకి ఇంత చిన్నవాళ్ళయిపోతారని నాకెవరూ చెప్పలేదు.