చివరి బిందె

పుల్లలచెరువు దాటి అడవి అంచునున్న ఆ ఊరికి ఎండాకాలం మూడు రోజులకోసారి నీళ్ల ట్యాంకర్ వస్తుంది. ఇంటికి నాలుగు బిందెలు. గొట్టం పట్టుకుని ఆ లెక్క తప్పకుండా చూసేది ప్రేమకుమారి. జీతం బత్తెం లేని పని, తిట్లు మాత్రం బోలెడు. తన బిందెలు ఎప్పుడూ చివర పెట్టుకునేది. చివరికొచ్చేసరికి ట్యాంకర్లో ఏం మిగులుతుంది? ఒక బిందె, మహా అయితే ఒకటిన్నర.

ఈ మంచితనం చూస్తే కూతురు కేథరిన్‌కు ఒళ్లు మండేది. బాలింతగా పుట్టింటికొచ్చినప్పుడు పసిబిడ్డ గుడ్డలుతకడానికి నీళ్లు లేక ఏడ్చింది.

"నాకన్నా నీకు ఊరే ఎక్కువైందామ్మా?"

"ఈ ఒక్కసారి మనం ముందు పట్టుకుంటే, రేపు ఇంకొకరిని ఆపేదానికి నాకు నోరెట్ల వస్తాది పాపా?" అంది తల్లి.

ఆ ఏడే హరిబాబు ఇంట్లో పెళ్లి. కాంట్రాక్టులు చేసి బాగా వెనకేసిన మనిషి. మార్కాపురం దాకా ఫ్లెక్సీల్లో దండం పెడుతూ కనిపిస్తాడు, ఎదురుపడితే మాత్రం పెట్టడు.

"నా డ్రమ్ములు ముందు నింపించు పెద్దమ్మా. మీ అల్లుడు పలకల గనిలో దుమ్ము తింటాండాడు కదా, నా దగ్గర సూపర్వైజర్‌గా పెట్టుకుంటా."

"నీకైనా నాకైనా నాలుగు బిందెలే నాయనా," అందామె.

అల్లుడు గనిలోనే ఉండిపోయాడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. కేథరిన్ ఏడాదిపాటు తల్లితో మాట్లాడలేదు; అతనికి పని చేతకాకుండా పోయాకే మొగుడూ బిడ్డతో పుట్టింటికి చేరింది.

మొన్న మే నెలలో ట్యాంకర్ రెండు రోజులు ఆలస్యమైంది. దారి చూస్తూ ఎండలో నిలబడిన ప్రేమకుమారి అక్కడే కూలబడి ప్రాణం విడిచింది. శవానికి స్నానం చేయించాలి. ఇంట్లో ఉన్నవి చెంబెడు నీళ్లు. హరిబాబు తన పేరు రాసిన రిబ్బన్ కట్టి పెద్ద పూలదండ పంపాడు. నీళ్లు పంపాలన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. కేథరిన్ చెంబు ముందు పెట్టుకుని కూర్చుంది. కడసారి కూడా అమ్మకు తక్కువేనా అనుకుంది.

అప్పుడు గొర్రెలు కాసే శేషమ్మ బిందెతో వచ్చింది. ప్రేమకుమారిని అందరికన్నా ఎక్కువ తిట్టింది ఆమే.

"అత్తా, మరి గొర్రెలకు?"

"ఒక పూట ఓర్చుకుంటాయిలేమ్మా. నువ్వు నీళ్లు పొయ్యి."

ఆమె వెనక ఇంటికో బిందె. తోపులాట లేదు, అరుపులు లేవు. ట్యాంకర్ దగ్గర ప్రేమకుమారి నిలబెట్టే వరుసలోనే నిలబడ్డారు. బతికినన్నాళ్లూ అన్ని నీళ్లు ఆ ఒంటి మీద పడలేదు. కేథరిన్ పోస్తూ ఏడ్చింది, ఏడుస్తూ పోసింది.

మర్నాడు ట్యాంకర్ వచ్చింది. మళ్లీ తోపులాటే. ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. శేషమ్మ గొట్టం లాక్కొని కేథరిన్ చేతిలో పెట్టింది. కేథరిన్ అరుగు మీద దగ్గుతున్న మొగుణ్ణి చూసింది, అతని ఒళ్లో బిడ్డను చూసింది. తన నాలుగు బిందెలూ తీసుకెళ్లి వరుస చివర పెట్టింది.

ఆరోజు ఆమెకు ఒక్క బిందె వచ్చింది.