ఉప్పులో బియ్యం

2012 ఎండకాలం. మేడ్చల్ బస్సుల నా పక్కసీట్ల ఒక పెద్దమ్మ మామిడికాయ ముక్కలకు ఉప్పు అద్దుకొని తింటాంది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. ఆమె ఉప్పుడబ్బాల బియ్యపు గింజలు కనపడ్డయి.

"ఏంది పెద్దమ్మా, ఉప్పుల అన్నం వండుతవా?" అన్న.

"మా విశాపట్నంలో గాలికే ఉప్పు నీరైపోద్ది బాబూ. బియ్యమేస్తే చెమ్మ పీల్చీస్తాది."

"గిది మేడ్చల్. ఈడ మనుషులే ఎండి వరుగులైతరు, ఉప్పుకేం రోగం?"

ఆమె నవ్వలేదు. వేలితో గింజలు కదిపింది.

"తెలుసు బాబూ. అక్కడిల్లు అమ్మీసినాం, మళ్లీ ఎల్లేది లేదు. బియ్యం అలవాటుకొద్దీ ఏస్తన్నాను గానీ, ఒక్కరోజైనా ఈ ఉప్పు చెమ్మెక్కుద్దేమోనని సూస్తన్నాను."

నా ముక్కను ఆ ఉప్పుల ఇంకోసారి అద్దుకొని తిన్న. ఆమె అత్వెల్లిల దిగిపోయింది.

ఇప్పటికీ ముసురు పడితే మా ఇంట్ల ఉప్పుడబ్బా మూత తీసి చూస్త. కూర చప్పగ అయిందేమోనని అమ్మ పరేషాన్ అయితది. ఉప్పు మాత్రం పొడిగనే ఉంటది.