ఆర్లిస్ దంతె పట్టని శనివారం

ఆదివారం ఉదయం ఆరున్నరకి ఆర్లిస్ ఓస్ట్‌బీ గారి గుర్రం, పార్కు అధికారి టోపీని తినేసింది. గడ్డితో అల్లిన టోపీ. అంచు మొత్తం, పైభాగంలో సగం తిన్నాక, రిబ్బను రుచించలేదు కాబోలు, వదిలేసింది.

అధికారి పేరు కెండల్ ప్రూయిట్, ముప్ఫై దాటని మనిషి. టోపీని గుడారం పక్క కొమ్మకి తగిలించి, మొహం కడుక్కోవడానికి వాగు దగ్గరికి వెళ్ళాడు. వచ్చేసరికి ఆర్లిస్ రిబ్బను పట్టుకుని నిలబడి ఉంది.

"క్షమించాలి సార్. మా గుర్రం డీకన్‌కి కట్టుతాడు ముడులు విప్పడం వచ్చు."

పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న ఆమె భర్త డ్వేన్ తల తిప్పకుండానే అందుకున్నాడు. "కలుపు విత్తనాలు లేవని చీటీ ఉన్న గడ్డే పార్కులో మేపాలి కదా. ఆ టోపీకి చీటీ ఉందో లేదో కనుక్కో."

ప్రూయిట్ నవ్వలేదు. ఆ కొండ మీది పచ్చికలో గుర్రాలవాళ్ళ మకాం ఉంచాలా, ఎత్తేసి ఉత్త గుడారాలవాళ్ళకి ఇచ్చెయ్యాలా అన్నది తేల్చడానికి వచ్చాడతను.

మోంటానాలో ఆ మూలన ఆర్లిస్‌ని ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు టపా బండి నడిపింది. మంచు కరిగిందంటే చాలు, ప్రతి శుక్రవారం గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని ఆ పచ్చికకి చేరేది. పగలంతా జీను మీద, రాత్రి గుడారంలో. అయితే ఆమెకి పేరు తెచ్చింది స్వారీ కాదు, పొడుగు కర్రకి ఇనప పళ్ళున్న దంతె. మకాం ఎత్తేటప్పుడు ఎవరి గుర్రం లద్దె వాళ్ళు చిదిపి చెట్లలోకి చెదరగొట్టాలి, గిట్టలు తవ్విన గుంటలు పూడ్చాలి. అది అక్కడి మర్యాద. అందరూ చేస్తారు. అందరూ చేశాక ఆర్లిస్ మళ్ళీ చేస్తుంది. ఒకసారి పెళ్ళికి వెళుతూ దారిలో దిగి, ఎవరివో కుప్పలు చెదరగొట్టి, ఆ బూట్లతోనే చర్చిలో అడుగుపెట్టిందని డ్వేన్ చెబుతుంటాడు. ఆ పెళ్ళి తమదేనన్న సంగతి మాత్రం మింగేస్తాడు.

తనిఖీ కబురు తెలిసి ఆర్లిస్ మూడు రోజులు ముందే వచ్చింది. ఊడ్చింది, పూడ్చింది, పైన్ కొమ్మతో గిట్టల జాడలు కూడా చెరిపేసింది. అంత అందంగా ఆ పచ్చిక ఎన్నడూ లేదు.

కాఫీ అయ్యాక ప్రూయిట్ అంతా కలియదిరిగి వచ్చి, రాసుకున్నది చదివాడు. "లద్దె లేదు. జాడల్లేవు. చెట్లకి తాడు ఒరుసుకున్న గీత కూడా లేదు. ఇక్కడికి ఎవరూ రావడం లేదు ఓస్ట్‌బీ గారూ."

"మేం వచ్చాం కదా సార్!"

"రెండు గుర్రాలు. వాటి కోసం ఇంత స్థలం ఉంచమని పైవాళ్ళకి ఎలా చెప్పను? వచ్చే శనివారం ఇంకోసారి చూస్తాను. ఆ తర్వాత నివేదిక పంపేస్తాను."

ఆర్లిస్ తను ఊడ్చిన నేలని ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకుంది. తన మకాముని తనే తుడిచిపెట్టేసింది.

ఇంటికి వెళ్ళి, తెలిసిన రౌతులందరికీ ఫోన్లు చేసింది. "రండి. దంతెలు మాత్రం తేకండి." అవతలివాళ్ళు ఫోన్ చేసింది ఆర్లిసేనా అని రెండోసారి అడిగి మరీ నమ్మారు.

శుక్రవారం పద్నాలుగు గుర్రాలు దిగాయి. శనివారం మధ్యాహ్నానికి పచ్చిక గుర్తుపట్టలేకుండా తయారైంది. ఆర్లిస్ దంతెని డ్వేన్ ట్రక్కులో పెట్టి తాళం వేశాడు. ఆమె కోరిక మీదే వేశాడు, తర్వాత ఆమె రెండుసార్లు అడిగినా తాళంచెవి ఇవ్వలేదు.

"ఆ మూల ఒక్క కుప్ప, ఏమయ్యా. ఒక్కటే. చూడలేకపోతున్నాను."

"కళ్ళు మూసుకో."

"వాసనో?"

"పెళ్ళయినప్పటి నుంచీ నీ అత్తరు అదేగా!"

ఆమె చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని అటు తిరిగి కూర్చుంది. వచ్చినవాళ్ళంతా తననే చూస్తున్నారని, తనకి పిచ్చెక్కిందనుకుంటున్నారని తెలుసు.

మూడింటికి ప్రూయిట్ జీపు వచ్చి ఆగింది. దిగాడు, నోటుపుస్తకం తెరుచుకుంటూ నాలుగడుగులు వేశాడు. అయిదోది వెయ్యలేక ఒంటికాలి మీద ఆగిపోయాడు.

"ఏమిటిది ఓస్ట్‌బీ గారూ! ఇక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు!"

"ఆ ముక్కే రాసుకోండి సార్."